మొదట బయటికొచ్చిన ఇల్లు

ఇవాళ పొద్దున నల్లా నీళ్ళొచ్చే వేళకు మా గల్లీలో కరెంటు తీయించింది నేనే. కరెంటు పోయిన కాసేపటికి మూల ఇంటి కోడలు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, వెయ్యమని అడిగితే, కాసేపు ఆగమన్నదీ నేనే. ఆ సమయంలో ఆమె అత్తగారు లోపల ముక్కుకు గొట్టం పెట్టుకుని, కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ మీద ఊపిరి తీసుకుంటోందని నాకు తెలియదు. తెలియదన్న మాట దగ్గర ఆగిపోతే నాకు సుఖంగా ఉంటుంది. కానీ ఆ మిషన్ చప్పుడును చాలా రోజులుగా మా పిట్టగోడ దగ్గర నిలబడి వింటూనే ఉన్నాను. అదేమిటని ఒక్కసారి కూడా ఆ ఇంటి తలుపు కొట్టి అడగలేదు.

పెద్దావిడ ప్రాణానికి ఏమీ కాలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఆ భయంతో కూర్చోబెట్టి నా గోడు వినిపించడం నాకిష్టం లేదు. అయితే ఆవిడ ఇక ఆ గదిలో ఉండగలదా లేదా అన్నది నా మూలంగా పొద్దుటి నుంచి వేలాడుతూ వచ్చింది. ఆ గది లేకపోతే ఆవిడకు మెట్లెక్కే ఇల్లే గతి. ఆవిడ మెట్లెక్కలేదు.

మా సంఘం బోర్డు మీద ఇప్పటికీ గ్రామ సంక్షేమ సంఘం అనే ఉంటుంది. అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్ళను, లేడీస్ హాస్టళ్ళ బోర్డులను, దోసెల బండ్లను దాటి పంజాగుట్ట వైపు లోపలికి తిరిగితే మా గల్లీ వస్తుంది. ఇందులో గ్రామం ఎక్కడుందని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. మా ప్రెసిడెంటుగారి తాతలు ఈ నేల మీద జొన్న వేశారట. ఎవరైనా నవ్వితే ఆయన, "గిది ఊరే. మీరంత వచ్చినంక సిటీ అయింది" అంటాడు. 'మీరంత' అన్నప్పుడు నా వైపు చూస్తాడు. నేను గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే సగం జీవితం గడిపినవాణ్ణి. అయినా ఆయనకు నేను మొన్న వచ్చినవాణ్ణే.

నా ఉద్యోగం ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో. చీటీ పాడుకున్నవాళ్ళు చూపించే జామీనుదారులు నిజమైనవాళ్ళో కాదో ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం నా పని. తలుపు తీసిన మనిషి మంచినీళ్ళిస్తే, ఎందుకిస్తున్నాడా అని ఆలోచించడం అక్కడే నేర్చుకున్నాను. ఇంట్లో కొత్త సోఫా ఉంటే అప్పు చేసి కొన్నాడనుకునేవాణ్ణి, పాత సోఫా ఉంటే కొనే స్తోమత లేదనుకునేవాణ్ణి. ఆఫీసులో దానికి మెచ్చుకున్నారు. రిటైరయ్యాక ఆ చూపును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంఘానికి సెక్రటరీనయ్యాను.

సంఘం పనంటే బయటివాళ్ళు జెండా వందనం, వినాయకుడి మండపం అనుకుంటారు. నిజానికి మా పనిలో ఎక్కువ భాగం ఎవరు చేశారో కనిపెట్టడం. వీధి దీపం పగిలితే ఎవరు పగలగొట్టారు, మ్యాన్‌హోల్ పొంగితే ఎవరు అన్నం పారబోశారు. మూల మీద చెత్త సంచి పడేసి పోతుంటే, ఆ సంచి విప్పి లోపల కొరియర్ కవరు మీద అడ్రసు వెతికినవాణ్ణి నేను. అడ్రసు దొరికింది. ఆ కవరు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి వాళ్ళ ముఖం చూశాను. ఆ రోజు మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మా ఆవిడ, "మీరు వాసనొస్తున్నారు" అంది.

ఈ ఎండాకాలం మా గల్లీలో నీళ్ళు తగ్గాయి. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ముందు ఇళ్ళకు ఒక మోస్తరుగా వచ్చేవి, చివరి ఇళ్ళకు దారంలా వచ్చి ఆగిపోయేవి. ఎవరో నల్లా లైనుకే నేరుగా మోటరు పెట్టి లాగేస్తున్నారని అందరూ తేల్చేశారు. లైనుకు మోటరు పెడితే అందరి నీళ్ళూ ఒక్క ఇంట్లోకే పోతాయి. ఎవరన్నది మాత్రం తేలలేదు. హాస్టలువాళ్ళని కొందరు, ప్రెసిడెంటుగారి తమ్ముడేనని చాటుగా ఇంకొందరు. నా ముందు అనలేదు గాని, నా పేరు కూడా ఎవరో అనే ఉంటారు.

ఇలాంటప్పుడు మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళొచ్చే వేళకు గల్లీ మొత్తానికి కరెంటు తీయిస్తాం. మోటరు ఆగిపోతుంది కదా, ఆ ఇంటివాళ్ళు ఉండబట్టలేక బయటికొచ్చి కరెంటు సంగతి అడుగుతారు. మొదట ఏ ఇల్లు బయటికొస్తే ఆ ఇంట్లో మోటరున్నట్టు లెక్క. కొన్నేళ్ళ కింద ఇలాగే చేస్తే నిజంగానే ఒక ఇంట్లో మోటరు దొరికింది. ఆ ఒక్కసారితో మాకు అది శాస్త్రమైపోయింది. కరెంటు ఆఫీసు లైన్‌మన్ మాకు బాగా తెలిసినవాడు. ఫోన్ చేస్తే వచ్చి స్తంభం దగ్గరి డబ్బాలో ఫ్యూజులు తీసి పెడతాడు. అది రూలు కాదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

నా అనుమానం మూల ఇంటి మీద. ఆ ఇంటి కింది పోర్షన్‌లోకి చలికాలం చివర్లో ఒక జంట దిగింది. బోరబండ నుంచి వచ్చారు. అతను సినిమా సెట్లకు వడ్రంగి పని చేస్తాడు, కృష్ణానగర్‌లో ఎవరో మేస్త్రీ పిలిస్తే వెళ్తాడు, ఒక్కోసారి రాత్రిళ్ళు కూడా పనే. ఓనరు కూకట్‌పల్లిలో ఉంటాడు. భార్యాభర్తలిద్దరే అని చెప్పి దిగారు. కొన్నాళ్ళకు ఒక పెద్దావిడ వచ్చిందని విన్నాం. ఆవిడ వచ్చినప్పుడు ఎవరూ చూడలేదు, వచ్చాక కూడా ఎవరూ చూడలేదు. ఆ ఇంటి కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది, లోపల దుప్పటి వేలాడదీసి ఉంటుంది. అంత ఎండలో కిటికీ ఎందుకు మూస్తారు? నా ప్రశ్న అది. జవాబు కూడా నేనే రాసుకున్నాను, దాచాల్సింది ఏదో ఉంది కాబట్టి.

దాచారన్నది నిజమే. కాకపోతే దాచింది ఆవిడ జబ్బును. పెద్దావిడ చాలా ఏళ్ళు రాళ్ళు కొట్టే చోట పని చేసిందట. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. సోమాజిగూడలో వైద్యం. బోరబండలో వాళ్ళుండే ఇల్లు ఎత్తు మీద, అందులోనూ మూడో అంతస్తు. అందుకని కింది పోర్షన్, ఆసుపత్రికి దగ్గర్లో వెతుక్కున్నారు. ఊపిరి మిషన్ పెట్టుకున్న మనిషి ఉందంటే చాలా చోట్ల ఇల్లివ్వలేదు. అంటుకునే జబ్బు కాదని కాగితం చూపించినా ఇవ్వలేదు. ఇవన్నీ నాకు ఇవాళ ఆసుపత్రి వరండాలో తెలిశాయి.

మా పిట్టగోడకూ వాళ్ళ కిటికీకీ మధ్య మనిషి పట్టేంత సందు. నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే నేను ఆ గోడ దగ్గర నిలబడేవాణ్ణి. లోపల గుర్రుమని ఒకటే మోత, మధ్యమధ్య ఫుస్సుమని గాలి వదిలినట్టు చప్పుడు. నీళ్ళ మోటరు అలా గాలి వదలదు. ఆ తేడా నా చెవికి వినబడింది కూడా. దానికీ ఒక అర్థం చెప్పుకున్నాను. లైన్లో నీళ్ళు సరిగా లేక మోటరు గాలి లాగుతోందని, అంటే చుక్క కూడా వదలకుండా పీలుస్తున్నారని. నీళ్ళు రాని రోజు వెళ్ళి వినుంటే ఆ మోత అప్పుడూ వినబడేది, మధ్యాహ్నమూ వినబడేది. నేను నీళ్ళ రోజే విన్నాను. నాకు కావలసింది అప్పుడే దొరుకుతుంది మరి.

మా ఆవిడకు చెప్పాను. "వెళ్ళి అడగొచ్చుగా" అంది.

"అడిగితే మోటరు తీసి దాచేస్తారు."

"దాచేస్తే మంచిదేగా. నీళ్ళొస్తాయి."

నీళ్ళు రావడం కంటే పట్టుకోవడం మీదే నా మనసుందని ఆమెకు అప్పుడే అర్థమైంది. నాకు ఇవాళ అర్థమైంది.

పొద్దున లైన్‌మన్ వచ్చాడు. ప్రెసిడెంటు, నేను, చివరి ఇళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురం స్తంభం దగ్గర నిలబడ్డాం. నీళ్ళు వదిలారని తెలియగానే ఫ్యూజులు తీయించాను. పద్ధతి ప్రకారం అప్పుడు చివరి ఇళ్ళకు వెళ్ళి నల్లాలో ధార పెరిగిందో లేదో చూడాలి. ఒక్కరూ వెళ్ళలేదు. నేను గుమ్మాల వంక చూస్తూ నిలబడ్డాను.

మూల ఇంటి తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి పరిగెత్తుకొస్తుంటే ప్రెసిడెంటు నా మోచెయ్యి నొక్కాడు.

"అంకుల్, కరెంటు మీరే తీసిండ్రా? జర ఎయ్యమనుండ్రి."

"ఏంటమ్మా అంత తొందర? అందరికీ పోయిందిగా" అన్నాను.

ఆమె మా అందరి ముఖాలూ చూసింది. చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నట్టుంది. ఆ తటపటాయింపు నాకు ఇంకో సాక్ష్యం.

"అత్తమ్మకు పానం మంచిగ లేదు" అంది.

"బాగా లేకపోతే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి గాని కరెంటెందుకు?"

వెనక ఒకాయన, "మోటరుకు పానం మంచిగ లేదేమో" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను.

లైన్‌మన్ మాత్రం ఆమె వంక చూసి, "సార్, ఎయ్యాల్నా?" అని అడిగాడు.

"కాసేపుండు. వాళ్ళింట్లోకెళ్ళి చూశాక వేద్దాం" అన్నాను.

ఆమె వెనక్కి పరిగెత్తింది. నాకప్పుడు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని రాయకుండా దాటేస్తే ఇదంతా రాయడం దండగ. మోటరు విప్పి పక్కకు పెట్టే టైము వాళ్ళకు ఇవ్వకూడదని నేనే ముందు నడిచాను. అయినా హడావుడి పడలేదు, దొరికిపోయారన్న ధీమాతో నడిచాను.

గేటు తీసి లోపలికి వెళితే మంచం మీద పెద్దావిడ ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, నోరు తెరిచి కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. కోడలు అట్టముక్కతో విసురుతోంది. పక్కన తెల్లటి పెట్టె, దాని నుంచి సన్నటి గొట్టం. కరెంటు లేదని ఆ పెట్టె ఆగకుండా కూత పెడుతోంది. సిలిండర్ ఒకటి ఉండాల్సింది. అది ఖాళీ అయితే కొడుకు నిన్న నింపించడానికి ఇచ్చాడు, ఇవాళ పని నుంచి వస్తూ తెస్తాడట.

నా వెనకే వచ్చిన ప్రెసిడెంటు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు బయటికి వెళ్ళిపోయాడు. నేను వీధిలోకి వచ్చి, వెయ్యమని లైన్‌మన్‌కు అరిచాను. మిషన్ మళ్ళీ మొదలైంది. అదే మోత, మధ్యలో అదే ఫుస్సుమనే చప్పుడు. ఎదురుగా నిలబడి వింటే ఎవరికైనా అర్థమవుతుంది.

పెద్దావిడ కాస్త తేరుకుంది గాని పెదవుల రంగు మారలేదు. ఆటో పిలిచాను. ఎక్కించేటప్పుడు ఆవిడ నా మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. నేనెవరో ఆవిడకు తెలియదు. దారి పొడుగునా కోడలు ఆవిడ వీపు నిమురుతూనే ఉంది.

సోమాజిగూడ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఎండెక్కాక కొడుకు వచ్చాడు. చొక్కా నిండా రంపపు పొట్టు. తల్లిని చూసొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కరెంటు పోయిందట గద సార్. మీరు లేకుంటే ఏమయ్యేదో."

నేను కోడలి వంక చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది. చెప్పలేదన్నమాట. నేను ఏమన్నానంటే, "పర్లేదులే బాబూ" అన్నాను. అతను కింద క్యాంటీన్ నుంచి టీ తెచ్చిచ్చాడు. తాగాను. చక్కెర ఎక్కువ వేయించాడు. ఆ టీ తాగుతూ, ఆవిడ జబ్బు గురించి, బోరబండ ఇంటి మెట్ల గురించి అతను చెబుతుంటే, ఊపిరి మిషన్ సంగతి ముందే చెప్పకపోవడం వాళ్ళ తప్పేనని ఒక మూల లెక్కలు వేసుకున్నాను. పొద్దున చేసింది అనుమానంతో చేశాను. ఈ టీ మాత్రం అన్నీ తెలిసి తాగాను.

మధ్యాహ్నానికి ఆవిణ్ణి ఇంటికి పంపించారు. నేను ఇల్లు చేరేసరికి ప్రెసిడెంటు ఫోన్. "కరెంటు పోయిందనే చెప్పు సెక్రటరీ సాబ్. పోతది, వస్తది. మనమెందుకు మీదేసుకోవాలె?" అన్నాడు. ఓనరుకు తానే ఫోన్ చేసి ఖాళీ చేయించమని చెప్పానన్నాడు. రేపు నిజంగానే కరెంటు పోయి ముసలావిడకు ఏమైనా అయితే గల్లీకి చెడ్డ పేరట. గల్లీ పేరు గురించి సంఘం ఆలోచించాలి కదా అని నన్నే అడిగాడు.

మా ఆవిడ వడ్డించి ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా చెప్పాను, టీ సంగతితో సహా. తర్వాత, "ఆ పిల్ల మొగుడికెందుకు చెప్పలేదంటారు?" అని అడిగింది. నా మీద జాలితో అయ్యుంటుందని అనుకున్నాను, అలా అనుకోవడం బాగుంది కూడా. "మీరంటే భయం. ఇల్లు పోతుందని" అంది. కంచం ముందు నుంచి లేచాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మనబోతుంటే, వద్దని నిలబడే చెప్పాను.

"పొద్దున కరెంటు దానంతటది పోలేదు. మీ ఇంట్లో నీళ్ళ మోటరుందని అనుమానపడి నేనే తీయించాను. మీ ఆవిడ వచ్చి అడిగింది. ఆగమన్నాను."

అతను వెనక్కి తిరిగి భార్య వంక చూశాడు. "నాకెందుకు చెప్పలె?"

"చెప్తే లొల్లి పెట్టుకుంటవ్. రూం పోతది" అందామె.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆసుపత్రిలో నా చేతులు పట్టుకున్న మనిషి ఇప్పుడు తలుపు సగం వేసి, ఆ సందులో నిలబడ్డాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నరు సార్? మేం కేసు పెట్టం అని ఏమన్న కాయితం మీద సంతకం కావాల్నా?"

"అలాంటిదేం లేదు."

"మరేంది?"

"పొద్దున నాకు టీ ఇచ్చారు మీరు" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. అది విని అతని అనుమానం ఇంకా పెరిగింది, కళ్ళలో కనబడింది. ఎదుటివాడి ముఖంలో ఆ చూపును నేను చదవగలను, నా ఉద్యోగమే అది.

లోపల నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "ఎవరు బిడ్డా?"

"ఎవరు లేరమ్మా" అన్నాడు.

ఆ తర్వాత నా వైపు తిరిగి, ఓనరు ఫోన్ చేశాడని, రేపటి నుంచే వేరే ఇల్లు చూసుకోమన్నాడని చెప్పాడు. అది కూడా నా పనేనా అని అడిగాడు. ఓనరుకు నేను చెప్పలేదన్నాను. చెప్పింది మీ ప్రెసిడెంటే కద అన్నాడు. అవునన్నాను. అతను తలుపు వేసుకున్నాడు.

వాళ్ళ గేటు పక్కనే, అరుగు మీద కూర్చుని సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాను. మూల ఇంట్లో మోటరు లేదని, ఆక్సిజన్ మిషన్ ఉందని, ఆ జబ్బు ఎవరికీ అంటదని, కరెంటు తీయించింది నేనని, ఆ అమ్మాయి అడిగినా ఆపి ఉంచింది నేనని. వేరే ఎవరి పేరూ రాయలేదు. తర్వాత ఒకాయన, సెక్రటరీగారికి వాళ్ళు బంధువులా అని అడిగాడు. సంఘం ఎలక్షన్ దగ్గరపడింది, అందుకే ఈ డ్రామా అని ఇంకొకరు. మరి నీళ్ళ సంగతేమిటని చివరి ఇంటివాళ్ళు. ఆ చివరి ప్రశ్న న్యాయమైంది. నీళ్ళు ఎటు పోతున్నాయో నాకిప్పటికీ తెలియదు. ప్రెసిడెంటు ఫోన్ చేసి, "నన్ను సుత ఇరికించినవ్" అన్నాడు. మీ పేరు రాయలేదంటే, రాయకపోతే ఎవరికీ తెలియదా అని పెట్టేశాడు.

లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. సంఘం తరఫున ఎవరడిగినా, నేనే అడిగినా, ఇక కరెంటు తీయొద్దన్నాను. "మీరే గద సార్ తియ్యమంటిరి" అన్నాడు. నిజమే అన్నాను.

తర్వాత ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన మా గుంటూరు వైపువాడే. మర్యాదగానే మాట్లాడాడు. "ఊపిరితిత్తుల మనిషి ఉందని నాకు చెప్పలేదండీ. నమ్మి ఇల్లిచ్చాను."

"చెబితే ఇచ్చేవారా?"

"అది వేరే సంగతండీ. రేపు కరెంటు పోయి ఆవిడకేదైనా అయితే మీ సంఘంవాళ్ళే నా మీదికొస్తారు. మీరు హామీ ఉంటారా?" అన్నాడు.

ఉద్యోగమంతా ఇతరుల హామీలను సరిచూసినవాణ్ణి. నా హామీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ ఇవ్వలేదు. బావమరిదికి కూడా ఇవ్వలేదు. ఉంటానన్నాను. మాట చాలదు, ఏం చేస్తారో చెప్పండన్నాడాయన. అప్పుడే నాకు మా ఇన్వర్టర్ గుర్తొచ్చింది. పొద్దున కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో ఫ్యాను ఆగలేదు. దాన్నుంచి వాళ్ళ గదికి లైను వేయిస్తానని చెప్పాను. కరెంటు విషయంలో తన పేరు ఎక్కడా రాకూడదని, నాలుగు రోజులు చూసి ఆలోచిస్తానని ఆయన అన్నాడు. ఖాళీ చేయనక్కర్లేదని మాత్రం అనలేదు. రేపటి నుంచే వేరే ఇల్లు చూసుకొమ్మన్నది వెనక్కి తీసుకున్నాడు, అంతే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. అతను మా ఇన్వర్టర్, వాళ్ళ మిషన్ రెండూ చూసి, మిషన్ నడుస్తుంది గాని మీ ఫ్యాన్లు, లైట్లు దీని మీద ఉంటే ఎక్కువసేపు రాదన్నాడు. మా ఆవిడ వంక చూశాను. "మన లైన్లన్నీ తీసెయ్యమనండి" అందామె. అతను తీసేశాడు. మా పిట్టగోడ మీదుగా, ఆ సందు దాటించి, వాళ్ళ వెంటిలేటర్ కన్నంలోంచి తీగ లోపలికి లాగాడు.

కొడుకు ఇదంతా అడ్డుకోలేదు, సాయమూ చేయలేదు. మంచం పక్కన నిలబడి చూస్తున్నాడు. తీగ ఎక్కడి నుంచి వస్తోందో చూడటానికి ఒకసారి మా ఇంట్లోకి వచ్చి, ఇన్వర్టర్ చుట్టూ తిరిగి చూశాడు. స్విచ్ ఎవరి చేతిలో ఉంటుందని అడిగాడు. మా ఇంట్లోనే ఉంటుందంటే ఒప్పుకోలేదు. ఎలక్ట్రీషియన్ తిరిగి వెళ్ళి, ఆపే స్విచ్ కూడా వాళ్ళ గదిలోనే ఉండేలా మార్చాడు. అలా అడగడం సబబే.

తీగ బిగించాక పరీక్షించాలన్నాడు ఎలక్ట్రీషియన్. మెయిన్ తీయడానికి చెయ్యి చాపితే కొడుకు ఆపాడు. "నేనే తీస్త" అన్నాడు. తల్లి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, జర కరెంటు తీస్తున్న, భయపడకు" అని చెప్పాడు. కోడలు మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అతను మెయిన్ తీశాడు. ఫ్యాను తిరగడం తగ్గి ఆగిపోయింది. మిషన్ ఆగలేదు. అతను మిషన్ వంక చూడలేదు, తల్లి పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చూశాక మెయిన్ వేశాడు.

వేశాక నన్ను అడిగాడు. "ఎల్లుండి నీళ్ళప్పుడు సుత ఉంటదా గిది?"

"ఎప్పుడూ ఉంటుంది" అన్నాను.

అతను నమ్మాడని చెప్పలేను. ఎలక్ట్రీషియన్ వెళ్ళిపోయాక వెంటిలేటర్ దగ్గర తీగకు చుట్టిన టేపును విప్పి, తన సంచిలోంచి గట్టి తాడు తీసి, తనకు నచ్చినట్టు మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. నేను బయట సందులో నిలబడి తీగను లాగి పట్టుకున్నాను. ముడి పడేదాకా వదలొద్దన్నాడు. వదల్లేదు.